నాయనమ్మ ఎత్తిన చెయ్యి

ఆ ఇంట్లో అందరికంటే ముందు లేచేది నాయనమ్మ చెయ్యి. లేచేదని మాటవరసకు అనడమే గానీ, అది పడుకున్నదెప్పుడు? నాయనమ్మ వెల్లకిలా పడుకుని గురక పెడుతుంటే కుడిచెయ్యి మాత్రం భుజం దగ్గర్నుంచి నిటారుగా లేచి, అరచెయ్యి పైకప్పు వైపు తెరుచుకుని నిలబడి ఉండేది. దుప్పటి కప్పితే గుడారమయ్యేది. మనవరాలు చిన్నప్పుడు ఆ గుడారంలో దూరి టార్చిలైటు వెలుతురులో వీరుల బొమ్మల పుస్తకాలు చదువుకునేది.

ఇంట్లోవాళ్లకు అదేమీ వింత కాదు. కోడలు పొద్దుటి హడావిడిలో తడి తువ్వాలు ఆ చేతికే తగిలించేసేది. "ఉన్న బరువు చాలదా అమ్మాయ్, ఇంకా ఇదొకటా?" అనేది నాయనమ్మ, అందరూ నవ్వేవాళ్లు. చిక్కల్లా అపార్టుమెంటు మీటింగుల్లోనే. నీళ్ల ట్యాంకు ఇప్పుడు కడిగిద్దామా అన్నా, వచ్చే నెల కడిగిద్దామా అన్నా ఆవిడ చెయ్యి పైనే ఉండేది. చివరికి అందరూ కలిసి ఒక తీర్మానం చేశారు, ఆవిడ తల ఊపితేనే ఓటని, చెయ్యి లెక్కలోకి రాదని. ఆ తీర్మానానికీ ఆవిడ చెయ్యి ఎత్తే ఉంది.

ఆవిడ ఒంటి చుట్టూ సన్నటి నల్లగీత కూడా ఉండేది. కాగితం మీది నుంచి దిగివచ్చిన వాళ్లందరికీ ఉండేదే అది. ఏ పత్రికో మూతపడితే, ఏ బొమ్మో అచ్చువేయడం మానేస్తే, అందులోని మనుషులు కొన్నాళ్లు చూసి, ఇక లాభం లేదనుకుని దిగి వచ్చేసి ఏదో ఒక పని వెతుక్కునేవాళ్లు. వీధి చివర గడియారాలు బాగుచేసే పెద్దాయన ఒక పాత అగ్గిపెట్టె మీది నుంచి దిగినవాడే. ఆయన మంచి పనివాడు, బీడీకి మాత్రం నిప్పు ఇంకొకరి దగ్గర అడిగేవాడు.

నాయనమ్మ ఏ కాగితం మీది నుంచి దిగిందో ఎవరికీ తెలియదు. ఆవిడ చెప్పలేదు. చెప్పని దానికి ఊరే ఒకటి అల్లుతుంది కదా. చెయ్యెత్తి నురగ చూపిస్తున్నట్టుంది కాబట్టి సబ్బు ప్రకటనలోంచి దిగి ఉంటుందని పక్కింటావిడెవరో అన్నది, అదే ఖాయమైపోయింది. దాంతో ఆవిడ కొడుకును బడిలో ‘సబ్బు’ అని పిలిచారు. అతను పెద్దవాడై, లిఫ్టు మెకానిక్ అయి, తలమీద జుట్టు పల్చబడ్డాక కూడా పాత స్నేహితులు కనిపిస్తే ఆ పేరే. ఎవరైనా మీ అమ్మగారు ఎక్కణ్ణుంచి అని అడిగితే అతను మాట మార్చేసేవాడు.

ఆ కొడుకును ఆవిడ ఒంటిచేత్తోనే పెంచింది. ఒంటిచేత్తో నీళ్లు పోసి, ఒంటిచేత్తో చంకనేసుకుని, చొక్కా బొత్తాలు పెట్టేటప్పుడు రెండో అంచు పళ్లతో పట్టుకుని. పెళ్లికి ముందు తాతయ్య ఒకే ఒక్క ప్రశ్న అడిగాడట, "ఆ చెయ్యి ఎప్పటికైనా దించుతావా?" అని. "పనయ్యాక" అన్నదట ఆవిడ. ఆయన మళ్లీ అడగలేదు, ఆ పనేమిటో తెలుసుకోకుండానే కన్నుమూశాడు.

చలికాలం వచ్చేసరికి ఆ చెయ్యి వణకడం మొదలుపెట్టింది.

కొడుకు డాక్టరు దగ్గరికి తీసుకెళ్లాడు. డాక్టరు భుజం నొక్కి చూసి, ఫోటో తీయించి చూసి పెదవి విరిచాడు. "కీలు అరిగిపోయిందమ్మా. ఇంకొన్నాళ్లకు దానంతటదే పడిపోతుంది. పడిపోతే ఎముక విరుగుతుంది. సోమవారం తీసుకురండి, మత్తిచ్చి మేమే దించేస్తాం."

"దించడానికి వీల్లేదు" అన్నది నాయనమ్మ.

"ఎందుకమ్మా?"

"పనుంది."

ఇంటికి వచ్చాక కొడుకు అరిచాడు, కోడలు బతిమాలింది. ఆవిడ ఎడమచేత్తో టీ కప్పు పట్టుకుని కిటికీలోంచి బయటికి చూస్తూ కూర్చుంది. రాయితోనైనా మాట్లాడించవచ్చు గానీ నాయనమ్మ వద్దనుకుంటే నోరు విప్పించడం ఎవరి తరమూ కాదు.

మనవరాలు బోర్డులు రాసే షాపులో పని చేస్తుంది. షట్టర్ల మీద, బోర్డుల మీద, వ్యాన్ల మీద అక్షరాలు రాయడం, బొమ్మలు వేయడం ఆమె పని. గీత వణక్కుండా ఒక్క ఊపులో లాగేస్తుందని మేస్త్రి ఆమెకు ‘కుంచె’ అని పేరు పెట్టాడు. మిగతా టైమంతా వీరుల పిచ్చి. ఏ దళంలో ఎవరు ఎప్పుడు చేరారో, ఎవరు ఎవరి మీద అలిగి వెళ్లిపోయారో అన్నీ నోటికి చెబుతుంది. గదిలో గోడ కనిపించకుండా పోస్టర్లు. వాళ్లలో ఎవరికీ ఒంటిమీద ముడతల్లేవు, నెలనెలా ఎవరో ఒకరు కొత్తగా గీస్తూనే ఉంటారు మరి.

శుక్రవారం టైర్ల షాపువాడి షట్టరు పని. రంగు స్ప్రే కొట్టేముందు అక్షరాల చుట్టూ పాత కాగితాలు అంటించి కప్పాలి. వాటికోసం మేస్త్రి చిత్తుకాగితాల కొట్టు నుంచి కట్టలు కట్టలుగా తెప్పిస్తాడు. కుంచె ఒక కట్ట విప్పి, పైనున్నదాన్ని తీసి, టేపు తుంచి, అంటించబోతూ ఆగింది.

పాత బొమ్మల పత్రిక. అట్ట పసుపు పచ్చబడి, అంచులు ఎలకలు కొట్టి ఉంది. పైన పెద్ద అక్షరాలతో ‘పిడుగుల పటాలం’ అని ఉంది. ఆమె ఎన్నడూ వినని పేరు. అన్ని పటాలాలూ తెలిసినదానికి ఇదొకటి తెలియకపోవడమేమిటని మొదట రోషం వచ్చింది. పేజీ తిప్పితే నలుగురు వీరులు. దూరాన ఉన్నది దగ్గరగా చూసే దుర్భిణి, చిటికె వేసి ఎక్కడికైనా వెళ్లిపోయే చిటికె, నోట్లోంచి మంటలు ఊదే నిప్పుకోడి. ఆ రాసినాయన నిప్పుకోడిని ఎన్నడూ చూసి ఉండడు, పేరు విని మోజుపడి ఉంటాడు. నాలుగో ఆమె పేరు ఆసరా. ఆసరా చెయ్యి ఆనిస్తే ఏదీ కూలదు.

ఆసరా ఎడమకాలి మీద బరువు వేసి, నడుం కాస్త పక్కకు వంచి నిలబడింది. బస్సు కోసం నాయనమ్మ అలాగే నిలబడుతుంది. భుజం దగ్గర నల్లగీత కాస్త మందంగా ఉంది. నాయనమ్మకూ అక్కడే మందం.

"ఏమే కుంచె, టేపు పట్టుకుని ధ్యానమా?" అన్నాడు మేస్త్రి.

"మా నాయనమ్మండీ" అన్నది ఆమె, పత్రిక ఎత్తి చూపిస్తూ.

మేస్త్రి కళ్లజోడు తుడుచుకుని చూశాడు. పేజీ చూశాడు, అమ్మాయిని చూశాడు. "మీ ఇంట్లో ఇంత మనిషిని పెట్టుకుని నువ్వు గోడలకు పోస్టర్లు అంటించుకున్నావా?" అన్నాడు. చంకలో పిల్లను పెట్టుకుని ఊరంతా వెతకడమంటే ఇదే. సిగ్గూ గర్వమూ రెండూ ఒకేసారి ముంచుకొస్తే కుంచె అక్కడే రంగు డబ్బా మీద కూర్చుండిపోయింది. మేస్త్రి ఆ పూటకు సెలవిచ్చాడు, షట్టరు తనే కప్పుకుంటానన్నాడు.

ఇంటికి వచ్చి పత్రికను నాయనమ్మ ఒళ్లో పెట్టింది. నాయనమ్మ చాలాసేపు అట్టనే తడుముతూ కూర్చుంది. "నిప్పుకోడి ఎంత బక్కగా ఉండేవాడో" అన్నది చివరికి. "టీ వేడిచేసి ఇవ్వరా అంటే గిన్నె మాడ్చేవాడు."

"మరి మాకెందుకు చెప్పలేదు నాయనమ్మా?"

ఆవిడ ఆఖరి పేజీకి తిప్పింది. ఒకే పెద్ద బొమ్మ. పెద్ద బడి హాలు, నిలువునా బీటలిచ్చి విరిగిపడుతున్న పైకప్పు, కింద బల్లల మధ్య హడలిపోయిన పిల్లలు. మిగతా ముగ్గురు వీరులూ వేరే పేజీలో ఆనకట్ట దగ్గర ఉన్నారు. ఇక్కడ ఆసరా ఒక్కతే, కుడిచెయ్యి ఎత్తి, అరచేత్తో పైకప్పును మోస్తూ. పేజీ కింది మూల ఒక పెట్టె, అందులో మిగతా కథ వచ్చే సంచికలో అన్న మాట.

"వచ్చే సంచిక రాలేదమ్మా" అన్నది నాయనమ్మ. "ప్రెస్సు మూసేశారు. ఎదురుచూశాం. ఎవరూ గీయలేదు. వాళ్లు ముగ్గురూ చేతులూపుకుంటూ దిగిపోయారు, వాళ్ల చేతులు ఖాళీ. నేను కూడా దిగాను, కానీ చెయ్యి దించితే పిల్లలేం కావాలి?"

ఇన్నేళ్లుగా ఆవిడ బస్సెక్కింది, చీపురు పట్టింది, పిల్లాణ్ణి కన్నది, మొగుణ్ణి సాగనంపింది. అన్నాళ్లూ ఆ పైకప్పు ఆవిడ చేతిలోనే ఉంది. దానిమీద వీళ్లు తువ్వాళ్లు ఆరేశారు.

సాయంత్రం తండ్రి పనినుంచి వచ్చి, చేతికి గ్రీజు ఉందని పత్రిక ముట్టుకోకుండా కూతురు తిప్పుతుంటే నిలబడే చదివాడు. చదివి పక్కనున్న స్టూలు మీద కూర్చున్నాడు.

"సబ్బు కాదా అమ్మా?"

"నేను సబ్బని ఎప్పుడన్నానురా?"

"కాదని కూడా అనలేదుగా. బడిలో నన్నెంత ఏడిపించేవాళ్లు. ఒక్కమాట చెబితే నేను కాలరెగరేసుకుని తిరిగేవాణ్ణి."

"పని సగంలో ఉందిరా నాన్నా. సగం పనికి గొప్పలు చెప్పుకుని, రేపు చెయ్యి జారితే నా మొహం ఎక్కడ పెట్టుకోను?"

అతను తలొంచుకున్నాడు. లిఫ్టుల్లో మనుషులు పడిపోకుండా చూడడం అతని పని, తాడు పరీక్ష చేయనిదే సంతకం పెట్టడని ఊళ్లో పేరు. ఆ పట్టుదల ఎక్కణ్ణుంచి వచ్చిందో అతనికిప్పుడు తెలిసింది. స్టూలు మీంచి లేచి, "సోమవారం రామని చెప్పేస్తాను" అన్నాడు.

"చెప్పకు. ఆ డాక్టరు అబద్ధమాడలేదు. రేపో ఎల్లుండో ఇది ఆగేట్టు లేదు" అన్నది నాయనమ్మ. మొదటిసారి ఆవిడ గొంతులో భయం వినిపించింది. "కనీసం నొప్పికి సూదైనా వేయించు. ఇంకొన్నాళ్లు పట్టుకుంటాను."

"ఎన్నాళ్లూ అక్కర్లేదు" అన్నది మనవరాలు. "మిగతా కథ నేను గీస్తాను."

శనివారం మేస్త్రి తన మంచి కుంచె, నల్లసిరా ఇచ్చి పంపాడు. ఆమె వంటింటి బల్లమీద కూర్చుని పేజీ నిండా ఒక్కటే బొమ్మ వేసింది. నలుగురు వీరులూ ఆకాశంలో ఎగురుతున్నారు, వెనక మంటలు, ముందు రాళ్లు, దూరాన చీమల్లా పిల్లలు సురక్షితంగా ఉన్నారు. చూసిన తండ్రి బ్రహ్మాండమన్నాడు. నాయనమ్మ చెయ్యి మాత్రం కదల్లేదు.

"చాలా బాగా వేశావు తల్లీ. కానీ పిల్లలు బయటికెలా వచ్చారు?"

"వచ్చేశారు నాయనమ్మా. కథల్లో అంతే."

"కథల్లో అంతేనేమో, నా చేతికి ఆ సంగతి తెలియదుగా. ఒక్కొక్కళ్లూ తలుపులోంచి నడిచి వెళ్తేనే దానికి బరువు తగ్గుతుంది."

ఆదివారమంతా ఆమె పిల్లల్ని నడిపించింది. ఆఖరి బొమ్మలో ఉన్న పిల్లలందరినీ వేలు పెట్టి గుర్తుపట్టి, ఒక్కొక్కరికి ఒక్కో గడి గీసింది. జడ ఊడిన పిల్ల, పలక వదలని పిల్ల, బల్లకింద నక్కినవాణ్ణి కాలు పట్టి లాగుతున్న వాడి అన్న. ఒకళ్లు గడప దాటినప్పుడల్లా నాయనమ్మ నిట్టూర్చేది. మధ్యాహ్నానికి వణుకు తగ్గింది. సాయంత్రానికి హాలు ఖాళీ అయింది. ఆసరా బయటికి వచ్చే ఆఖరి గడి మాత్రం, పిల్లలంతా దాటినట్టు తేలాక గీద్దామని ఖాళీగా వదిలి, ఆమె కుంచె కింద పెట్టింది. అందరూ ఆ చేతివైపు చూశారు.

చెయ్యి పైనే ఉంది.

"తేలికైంది" అన్నది నాయనమ్మ. "కానీ ఇంకా ఉంది. చంటిపిల్లంత ఉంది."

"అందరూ అయిపోయారు. మళ్లీ చూశాను."

"నాకేం తెలుస్తుంది? పైకి చూస్తూ నిలబడ్డదాన్ని, కింద ఎవరెవరున్నారో ఎన్నడూ చూడలేదు. చెయ్యి చెబుతోంది, ఎవరో ఉన్నారని."

సోమవారం పొద్దున ఆసుపత్రికి వెళ్లేసరికి వణుకు మళ్లీ మొదలైంది. మోచెయ్యి కాస్త వంగింది. అలా వంగడం ఇంట్లో ఎవరూ ఎప్పుడూ చూడలేదు. కొడుకు కింద తన చెయ్యి పెట్టి పట్టుకోబోతే, "నువ్వు పట్టేది కాదురా ఇది" అన్నది ఆవిడ పళ్లు బిగించి. చెమట ధారగా కారుతోంది. డాక్టరు గదిముందు బెంచీలన్నీ నిండి ఉన్నాయి. గదిలోకి చెప్పులతో వెళ్లకూడదు కాబట్టి తలుపు పక్కన చెప్పుల వరస. సిరాబుడ్డీ, కుంచె, కాగితాలు ఒళ్లో పెట్టుకుని మనవరాలు ఆఖరి బొమ్మను తినేసేలా చూస్తోంది. ఎక్కడ? ఎవరిని వదిలేశాను?

ఎదురుగా చీటీలు రాసే బల్ల. దాని ముందు బోర్డు ఒకటి నేలమీద నిలిపి బల్లకు ఆనించి పెట్టారు, టోకెన్ తీసుకుని కూర్చోమని. ఒకావిడ "ఏదే, ఎక్కడికి పోయావే?" అంటూ బెంచీల మధ్య వెతుకుతోంది. ఆ బోర్డు అంచు నుంచి చిన్న చెప్పు ముక్కు కనిపిస్తోంది. చెప్పుల వరసలో పెట్టాల్సిన చెప్పు ఇక్కడెందుకుందని మనవరాలు అనుకునేలోపే ఆ తల్లి బోర్డు పక్కకు జరిపింది. వెనకాల ఒక పిల్ల మోకాళ్లు ముడుచుకుని కూర్చుని నవ్వుతోంది.

మనవరాలు ఆఖరి బొమ్మను మళ్లీ చూసింది. పేజీ కింది మూల, పెట్టె అంచున, ఎలక కొట్టిన చోటికి ఇవతల, గింజంత నల్లటి మచ్చ. అచ్చుసిరా మచ్చ అనుకుని వదిలేసింది ఇన్నిసార్లూ. అది మచ్చ కాదు. చెప్పు ముక్కు. ఇన్ని పత్రికలు చదివింది, ఇన్ని పెట్టెల మీద చూపు జారిపోయింది, పెట్టె వెనక కూడా హాలు ఉంటుందని ఒక్కసారీ తట్టలేదు.

"నాయనమ్మా, కొంచెం పట్టుకో."

"పట్టుకునే ఉన్నానే, కానీ త్వరగా."

నేలమీద చతికిలపడి, బెంచీని బల్ల చేసుకుని కుంచె ముంచింది. ఒక గడిలో ఆ పెట్టెను పక్కకు జరిపింది. వెనకాల ఒక పాప చెవులు మూసుకుని కూర్చుని ఉంది. ఇంకో గడిలో ఆ పాప లేచింది. కాళ్లు తిమ్మిరెక్కాయేమో, పాపం, ఎన్నేళ్ల నుంచి కూర్చున్నదో. ఒక్క ఊపులో తలుపు గీసింది. పాప గడప దాటుతూ వెనక్కి తిరిగి పైకప్పు మోస్తున్న ఆమెను చూసింది. వదిలేసిన ఆఖరి గడిలో ఆసరా తనూ గడప దాటి, ఎండలోకి అడుగుపెట్టింది.

కాగితాల్లోంచి దభీమని చప్పుడు వచ్చింది. సన్నటి సున్నపు పొడి లేచి బెంచీల మీద, చెప్పుల మీద, నాయనమ్మ తలమీద పడింది. ఊడ్చే ఆవిడ చీపురు పట్టుకుని వచ్చి, "ఇప్పుడేగా ఊడ్చి వెళ్లాను, చూసి కూల్చుకోవచ్చు కదమ్మా" అని సణుక్కుంటూ ఎత్తిపోసింది.

నాయనమ్మ చెయ్యి మెల్లగా దిగింది. దిగి ఒళ్లో పడితే ఆవిడ దాన్ని పొరుగింటి నుంచి వచ్చిన మనిషిని చూసినట్టు చూసుకుంది. వేళ్లు మడిచింది, తెరిచింది. తర్వాత పక్కనున్న కొడుకు వైపు తిరిగి, ఆ చెయ్యి అతని ఒక చెంప మీద, ఎడమచెయ్యి రెండో చెంప మీద పెట్టింది. పుట్టినప్పటి నుంచి అతన్ని ఆవిడ రెండు చేతులా పట్టుకోవడం అదే మొదలు. బట్టతల, నెరిసిన మీసం, చేతుల నిండా గ్రీజు మరకలున్న ఆ మనిషి చిన్నపిల్లాడిలా ఏడ్చాడు. మనవరాలు కుంచె కడగడం కూడా మరిచిపోయి చూసింది. గోడమీది వీరుల్లో ఒక్కరికీ ఇంత పెద్ద పని చేతనవుననిపించలేదు ఆమెకు.

అప్పుడే గది తలుపు తెరుచుకుని నర్సు బయటికి వచ్చింది. "చెయ్యి పైకెత్తుకుని వచ్చిన పెద్దావిడ ఎవరండీ?" అంటూ హాలంతా కలయజూసింది. ఎవరి చెయ్యీ పైన లేదు.

కొడుకు ముఖం తుడుచుకోలేదు, తల్లి చేతులు ఇంకా దానిమీదే ఉన్నాయి. అలాగే గొంతెత్తి హాలంతటికీ వినబడేలా చెప్పాడు.

"మా అమ్మండీ. పిడుగుల పటాలంలో ఆసరా. పనైపోయింది, దించేసింది."